సున్నా హాజరు

బడి వెనక చేపల షెడ్డులోని నీళ్ళ తొట్లను ఒక్కొక్కటే మోసుకొచ్చి ట్రాక్టరులోకి ఎక్కిస్తున్నారు. ఏటిమొగ పాళెం సగం అక్కడే నిలబడి చూస్తోంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు చేతులు కట్టుకున్నారు. ఆపండని ఒక్క గొంతూ లేవలేదు. ప్రభుత్వం తొట్లు ప్రభుత్వం పట్టుకుపోతోంది, అడగడానికి మనమెవరం అనుకునే జనం మన జనం. ఈ పాడు అలవాటు ఒక్కరోజులో పట్టలేదు, ఒక్కరోజులో వదలదు.

రోజారమణి అందరికంటే వెనక నిలబడింది. మొగుడు మధుబాబు సముద్రంలో పోయి ఇరవై రోజులు. ఆ తొట్లలోనే ఆమె కూతురు ప్రత్యూష రొయ్యపిల్లలకు మేత వేసేది, నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచి పుస్తకంలో రాసుకునేది. పాళెం బడి అని పిలిచే ఈ జూనియర్ కాలేజీలో చేపల పెంపకం ఇంటర్ కోర్సు, రెండో సంవత్సరం. ఇంకో అయిదు నెలలు చదివితే సర్టిఫికెట్టు చేతికొస్తుంది, ఏ చెరువు దగ్గరైనా టెక్నీషియన్ ఉద్యోగం దొరుకుతుంది. రోజారమణి పదకొండేళ్ళుగా రొయ్యల కంపెనీ షెడ్డులో, మంచు నీళ్ళల్లో బల్ల ముందు నిలబడి తలకాయలు తీస్తోంది. వేళ్ళ గోళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. తన కూతురు ఆ బల్ల దగ్గర నిలబడకూడదు. జీవితంలో ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే.

షెడ్డు తలుపుకు అంటించిన కాగితాన్ని హెబ్రోను సారు పైకి చదివాడు. ఎనిమిదేళ్ళుగా ఆ కోర్సుకు పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు లెక్చరరు ఆయన. ఏటా జూన్ వస్తే ఈసారి కొనసాగిస్తారో లేదోనని బిక్కుబిక్కుమంటూ బతికే మనిషి.

అక్టోబరు పదహారు, పదిహేడు, పద్దెనిమిది తేదీల్లో తనిఖీ జరిగింది. చేపల పెంపకం కోర్సు హాజరు సున్నా. వ్యవసాయం కోర్సు హాజరు సున్నా. కావున రెండు కోర్సులనూ మూసివేసి, విద్యార్థులను టౌను కాలేజీలో కలుపుతున్నాము. కాగితంలో ఉన్నది అంతే.

రోజారమణి వేళ్ళమీద లెక్క పెట్టుకుంది. పదహారున పడవ బోల్తాకొట్టింది. పద్దెనిమిది సాయంత్రం శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. అవే రోజులు. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆమె మనసు ఇరవై రోజులుగా అట్లాగే ఉంది.

ఆ మూడు రోజులూ పాళెంలో దురాయి. దురాయి అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. అది పాళెం కట్టుబాటు. పాళెం పెద్ద, అంటే పెద్దకాపు, మైకులో చెప్పిన క్షణం నుంచి ఏ ప్రభుత్వ జీవో దానిముందు ఆగదు. సముద్రంలో మనిషి పోయాడంటే దొరికేదాకా వెతకడానికి తప్ప పడవ కదలదు, పొయ్యి వెలగదు, వల ముట్టరు. పిల్లలు బడికి పోరు. బయటి బండి పాళెంలోకి రాదు. పెద్దకాపు చిన్నపోలయ్య తానే కల్వర్టు దగ్గర నిలబడి, లోపలి ఊరు తుమ్మలదొరువు నుంచి వచ్చే ఆటోలకు చేతులు జోడించి వెనక్కి పంపాడు. ఆ ఆటోల్లో ఉన్నది వ్యవసాయం కోర్సు పిల్లలు. హెబ్రోను సారు కూడా మూడు రోజులూ ఒడ్డు వెంబడి తిరుగుతూ పిల్లలతో కలిసి శవం కోసం వెతికాడు. ఇన్‌చార్జి ప్రిన్సిపాలు రెండు కాలేజీలకు ఒకడే, ఆ వారం రెండోదాంట్లో ఉన్నాడు. తనిఖీవాళ్ళు కల్వర్టు వైపు కాకుండా చెరువుల గట్టు మీదుగా జీపులో వచ్చారు, ఖాళీ బల్లలు చూశారు, రాసుకున్నారు, పోయారు.

పై ఆఫీసుకు ఒక మాట చెప్పాలని ఎవరికీ తట్టలేదు. తరతరాలుగా సాగుతున్న దురాయి లోకానికంతా తెలుసుననుకున్నారు. సముద్రం మీద బతికేవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది.

ట్రాక్టరు కదులుతుండగా తుమ్మలదొరువు నుంచి ప్రమీలమ్మ వచ్చింది. రెండెకరాలు కౌలుకు చేసుకునే రైతు మనిషి. ఆమె కూతురు వ్యవసాయం కోర్సులో మొదటి సంవత్సరం. జనాన్ని తోసుకుంటూ నేరుగా రోజారమణి ముందుకొచ్చి నిలబడింది.

"నీ మొగుడు పోయినాడు, మేమూ బాధపడినాం. మా బిడ్డలేం చేసినారు? కల్వర్టు కాడ్నించే ఎనక్కి పంపినారే. మీ ఇంట్లో చావుకి మా పిల్ల చదువు చచ్చింది."

పాళెం ఆడవాళ్ళు భగ్గుమన్నారు. ఒకామె ప్రమీలమ్మ జుట్టు మీదికి చెయ్యెత్తింది. రోజారమణి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"నిజమేనక్కా," అంది.

ప్రమీలమ్మ దెబ్బలాటకు సిద్ధపడి వచ్చింది, ఈ జవాబుకు కాదు. తల తిప్పుకుని పోయింది.

తర్వాతి వారంలో చిన్నపోలయ్య, హెబ్రోను, ఇంకో పదిమంది అర్జీ రాసుకుని జిల్లా ఆఫీసుకు పోయారు. రోజారమణిని కూడా తీసుకుపోయారు, చావు జరిగిన ఇంటి మనిషి కనిపిస్తే దయ పుడుతుందని. అధికారి మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. అంతా విని, చావుకో కట్టుబాటుకో ఫారంలో గడి లేదన్నాడు. కనీస సంఖ్య తగ్గితే కంప్యూటరే మూసేస్తుంది, నిధులు పైనుంచే ఆగిపోతాయి, తన చేతిలో ఏమీ లేదన్నాడు. టౌను కాలేజీ ముప్పై కిలోమీటర్లు సార్, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు అని హెబ్రోను అడిగితే, అది తల్లిదండ్రుల నిర్ణయం అన్నాడు. బడి చెరువూ పొలమూ ఊరికే పడి ఉంటాయి కాబట్టి రొయ్యల కంపెనీకి లీజుకు ఇస్తున్నామని, దానివల్ల ఊళ్ళో వాళ్ళకే ఉద్యోగాలని కూడా చెప్పాడు. మర్యాదగా చంపడం అంటే ఇదే.

చిన్నపోలయ్య మైకు తాళంచెవి గుళ్ళో పెట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి. నా నోటితో నేనే పిల్లల కూడు చెడగొట్టినానని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. పాళెం మొత్తానికీ అదే మాట పట్టుకుంది. తప్పు మనదే, ఇంకేం కొట్లాడతాం. పేదవాడు తన తప్పును ఎంత తేలిగ్గా ఒప్పుకుంటాడో చూస్తే కడుపు మండుతుంది. పై వాళ్ళకు కావలసిందీ అదే.

సోమవారం పొద్దున ప్రత్యూష తల్లి వెనకే కంపెనీ షెడ్డుకు బయల్దేరింది. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తానమ్మా అంది. రోజారమణి వద్దని అనలేకపోయింది. బల్ల దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. తలకాయ ఎట్లా పట్టుకుని తుంచాలో తల్లి చూపించింది. పిల్ల ఒకసారి చూసి నేర్చేసుకుంది. రొయ్య పెంకు మీద తెల్లచుక్కలు చూసి ఇది ఏ జబ్బో, నీళ్ళలో ఏం తగ్గితే వస్తుందో గడగడా చెప్పేసింది. పక్క బల్లవాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత ఆ పిల్ల నోరు మూసుకుని తలకాయలు తీసింది. ఆ రోజంతా రోజారమణి కూతురి ముఖం చూడలేదు.

మూడోరోజు మేనేజరు రాజ్ కుమార్ షెడ్డులోకి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, నవ్వుతూ మాట్లాడతాడు. బడి చెరువులో కొత్త తొట్లు కడుతున్నామని, పని మీ పాళెం వాళ్ళకే ఇస్తామని చెప్పాడు. ఎప్పుడు మొదలుపెడతారు సార్ అని ఒకామె అడిగింది.

"దసరాకే మొదలుపెట్టాల్సింది. ఆగస్టులోనే పైన మాటైపోయింది. ఆ తనిఖీ రిపోర్టు రావాలంటే ఆగినాం," అన్నాడు.

అన్నాడు, పోయాడు. తానేమన్నాడో అతనికే తెలియదు. రోజారమణి చేతులు మాత్రం ఆగలేదు. ట్రేలో మిగిలిన రొయ్యలన్నీ తీసింది. ఆగస్టు. మధుబాబు ఆగస్టులో బతికే ఉన్నాడు. వినాయక చవితికి కూతురికి ఉప్పు కొలిచే గాజు గొట్టం కొత్తది కొనిచ్చాడు. అప్పటికే బడిని అమ్మేశారు. సున్నా ముందే రాసిపెట్టుకుని, ఆ సున్నాకు తగిన రోజు కోసం కాచుకుని కూర్చున్నారు. నా మొగుడి చావు వాళ్ళకు కలిసొచ్చింది అనుకుంది. అట్లా అనుకున్నప్పుడు కూడా గుండె వేగంగా కొట్టుకోలేదు. ట్రే ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, కూతురి చెయ్యి పట్టుకుని షెడ్డులోంచి బయటికి నడిచింది.

ఆ సాయంత్రం వలల షెడ్డులో పాళెం కూడింది. ఆడవాళ్ళు కూడా వచ్చి ఒక పక్కన కూర్చున్నారు, అట్లా కూర్చోవడం కొత్త. రోజారమణి విన్నమాట విన్నట్టు చెప్పింది. హెబ్రోను లేచి దానికి ముందు జరిగిందంతా చెప్పాడు. మూడేళ్ళుగా కోర్సుల గ్రాంటు రాలేదు. చెరువు మోటారు కాలిపోతే బాగుచెయ్యలేదు. పిల్లలకు పెంచడానికి రొయ్యపిల్లలు రాలేదు, పొలంలో వెయ్యడానికి విత్తనాలు రాలేదు. వ్యవసాయం లెక్చరరును తీసేసి ఇంకొకరిని వెయ్యలేదు, ఆ పాఠాలూ తానే చెప్పాడు. మొక్కకు నీళ్ళు ఆపినవాళ్ళే ఎండిపోయిందని పీకేస్తున్నారు, ఆ పీకే రోజున మీరు ఇంట్లో ఉంటే ఏమి, బయట ఉంటే ఏమి అన్నాడు. పట్నంలో పెద్ద చదువులకు డబ్బులుంటాయి, చేపలు పట్టేవాడి కూతురు చేపల చదువు చదవడానికి మాత్రం ఉండవు అన్నాడు.

వాదులాట మొదలైంది. కంపెనీతో పెట్టుకుంటే షెడ్డు మూసేస్తారు, వేట నిషేధం నెలల్లో ఆ కూలే కదా తినేది అని ఒక పడవ యజమాని అన్నాడు. మూస్తే మూయనీ, మన ఆడోళ్ళు లేకుండా ఒక్క రొయ్య కదలదు అని ఇంకొకడన్నాడు. చదివిన పిల్లలేం పొడిచారు అని ఒక ముసలాయన అంటే, మీ మనవడి చెరువుకు జబ్బొస్తే పోయిన ఏడు కాపాడింది ఎవరు తాతా అని నలుగురు మీదపడ్డారు. గోల సర్దుమణిగేదాకా రోజారమణి కదలకుండా నిలబడింది. తర్వాత చిన్నపోలయ్య వైపు తిరిగింది.

"మామా, దురాయి వెయ్యి."

ఆడమనిషి నోట ఆ మాట రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. చిన్నపోలయ్య తల అడ్డంగా తిప్పాడు.

"దురాయి చచ్చినోళ్ళకి ఏస్తామమ్మా. బతికుండేవాళ్ళకి ఎప్పుడేసినాం?"

"అదే మామా నేనూ అడుగుతుండా. ఎప్పుడేస్తారు?"

నేను మళ్ళీ మైకు పట్టుకోను, నా నోరు మంచిది కాదు అన్నాడు చిన్నపోలయ్య. అప్పుడు రోజారమణి గొంతు పెంచకుండా ఇంకో మాట చెప్పింది.

"ఆయన కోసం మూడు దినాలు పొయ్యిలార్పినారు. ఆయన రాలేదు. నా బిడ్డ ఈణ్ణే ఉండాది మామా, బతికే ఉండాది. దీనికోసం ఆర్పండి."

మరుసటిరోజు పొద్దున మైకు మోగింది. కంపెనీ షెడ్డుకు ఆడది పోకూడదు. కంపెనీ సముద్రపు నీళ్ళ గొట్టం దగ్గర మగవాడు పని చెయ్యకూడదు. పడవలు కదలకూడదు. ఎప్పుడూ లేనిది ఒకటి చివర చేర్చాడు చిన్నపోలయ్య. ప్రతి బిడ్డా బడికి పోవాలి, పోనివాళ్ళ ఇల్లు పాళెంలో లెక్క కాదు.

అది చెప్పి, చొక్కా మార్చుకుని, నడుచుకుంటూ తుమ్మలదొరువు పోయాడు. రోజారమణి వెంట పోయింది. పెద్దకాపు రైతు గడప తొక్కి తప్పు ఒప్పుకోవడం ఆ పక్క ఎవరూ ఎరగరు. ప్రమీలమ్మ వాకిట్లో నిలబడి చేతులు జోడించాడు. మొదట ఊళ్ళో వాళ్ళు నానామాటలూ అన్నారు. అన్నీ విన్నాడు. ఆగస్టు సంగతి చెప్పాక మాటలు తగ్గాయి. అప్పుడు ప్రమీలమ్మ ఇంట్లోంచి ఒక నోటుబుక్కు తెచ్చింది. ఆమె కూతురు బడిలో నేర్చుకున్న మట్టి పరీక్షతో ఊరి పొలాలన్నీ చూసింది. కంపెనీ చెరువుల పక్కన ఏ పొలంలో ఎంత ఉప్పెక్కుతోందో ఆ పుస్తకంలో ఉంది. ఆ పిల్ల చెప్పబట్టే ఈసారి ఉప్పుకు తట్టుకునే వరి వేసి నాలుగు గింజలు కళ్ళజూశారు.

"ఈ పుస్తకం ఉంటే ఎవురికి నష్టమో ఇప్పుడర్థమైంది," అంది ప్రమీలమ్మ. రోజారమణికి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ రోజు తొట్ల దగ్గర అన్నమాటకు క్షమించమని అడగలేదు. రోజారమణీ ఎదురుచూడలేదు.

అయిదోరోజు పొద్దున మట్టి తవ్వే ప్రొక్లెయిన్ వచ్చింది, వెనక పోలీసు వ్యాన్లు రెండు. బడి చెరువు ఎండి బీటలు వారి ఉంది. ఆ బీటల మీద రెండు ఊళ్ళూ కూర్చుని ఉన్నాయి. ముందు పిల్లలు, వెనక తల్లులు, ఆ వెనక పడవలవాళ్ళూ నాగళ్ళవాళ్ళూ. గట్టుకు నల్లబల్ల ఆనించి హెబ్రోను పాఠం చెబుతున్నాడు. చేపకూ వరికీ ఒకే నీళ్ళు ఎట్లా వాడాలో చెబుతున్నాడు. అరవయ్యేళ్ళవాళ్ళు కూడా నోటుబుక్కులు ఒళ్ళో పెట్టుకున్నారు. జిల్లా ఆఫీసు నుంచి అదే అధికారి వచ్చాడు. ఇది చట్టవిరుద్ధం, కోర్సు లేదు, లెక్చరరు లేడు, బడి లేదు అన్నాడు. కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టుకోండి సార్ అని ప్రత్యూష లేచి చెప్పింది. మీ దగ్గర గడి లేకపోతే గీసుకోండి అంది. చెరువంతా ఆ మాటే అందుకుంది. ముందు పిల్లలు, తర్వాత తల్లులు, ఆ తర్వాత చివరి వరస దాకా. లెక్కపెట్టు, లెక్కపెట్టు అనే అరుపుకు ప్రొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగిపోయాడు. అతనిది పక్క పాళెమే.

ఎస్సై హెబ్రోనును భుజం పట్టి లాగాడు. జనం లేచారు. లాఠీలు లేచాయి. చిన్నపోలయ్య నుదురు చిట్లింది, ఒక రైతు చెయ్యి విరిగింది. రోజారమణి వెన్నుమీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆమెకు శబ్దమే వినిపించింది, నొప్పి తెలియలేదు. పదమూడుమందిని వ్యానుల్లో పడేశారు. వ్యాను తలుపు వేస్తుండగా చూసింది. చెరువులోంచి ఒక్కరూ పోలేదు. నల్లబల్ల ఎవరో మళ్ళీ నిలబెడుతున్నారు.

స్టేషనులో ఆడవాళ్ళు ముగ్గురినీ ఒక గదిలో బెంచీ మీద కూర్చోబెట్టారు. రోజారమణి, ప్రమీలమ్మ, షెడ్డులో పనిచేసే ముసలమ్మ. మధ్యాహ్నం రెండు దాటాక ఎస్సై రోజారమణి ఒక్కదాన్నే పిలిచాడు. గొంతు మారింది, అమ్మా అన్నాడు. ఆఫీసు నుంచి ఫోను వచ్చిందట. మీ ఇంట్లో చావు జరిగింది నిజమే కాబట్టి మానవతా దృష్టితో చేపల కోర్సును ఈ ఏడాదికి కొనసాగిస్తారట. చెరువు బడికే వదిలేస్తారట. వ్యవసాయం కోర్సుకు మాత్రం అట్లాంటి కారణం ఏదీ లేదు కాబట్టి అది మూసినట్టే, ఆ పొలం కంపెనీకి. ఇకమీదట గొడవ చెయ్యబోమని సంతకం పెడితే పాళెం వాళ్ళంతా సాయంత్రానికి ఇంటికి పోవచ్చట. లేదంటే రిమాండు.

కాగితం ఆమె చేతిలో పెట్టాడు. అయిదు నెలలు. సర్టిఫికెట్టు. కూతురు ఆ బల్ల దగ్గర నిలబడదు. పదకొండేళ్ళుగా కోరుకున్నది అరఠావు కాగితం మీద ఉంది. దానికి ఆమె చెయ్యాల్సింది అయిదక్షరాల సంతకం.

తలుపు తెరిచే ఉంది. అంతా వినిపించింది. ప్రమీలమ్మ బెంచీ మీదినుంచే, తలెత్తకుండా అంది.

"పెట్టు తల్లీ. నీ బిడ్డకి అయిదు నెలలే ఉండాది. మాది మేం చూసుకుంటాం."

రోజారమణి కాగితం మళ్ళీ చూసింది. చచ్చినవాడి రోజులు చూసుకుని బడి మూశారు. ఇప్పుడు చచ్చినవాడి పేరు చెప్పి సగం తెరుస్తామంటున్నారు. మధుబాబును ఇంకోసారి వాడుకోవడానికి ఆమె ఒప్పుకోదలచలేదు. కాగితాన్ని మడత పెట్టకుండా, నలపకుండా ఎస్సై బల్ల మీద పెట్టింది. వెళ్ళి బెంచీ మీద ప్రమీలమ్మ పక్కన కూర్చుంది. ప్రమీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆలోచించుకోమ్మా, రిమాండంటే ఎన్నాళ్ళో చెప్పలేను అన్నాడు ఎస్సై గుమ్మం దగ్గరికి వచ్చి. వెన్నుమీది దెబ్బలకు అప్పుడు మంట పుట్టింది. దాంతోపాటే ఆకలి. నిన్న రాత్రి తిన్న రెండు ముద్దలు గుర్తొచ్చాయి.

"మాకు అన్నం పెట్టించండి సార్," అంది రోజారమణి. "ముగ్గురికీ. చానా దినాలు ఉండాల్సొచ్చేటట్టుంది."